మా నాయన వద్దన్న ఇంగ్లీషు మాట

నేను ఎమ్మిగనూరులో ఆరో ఫారం, అంటే హైస్కూలు చివరి క్లాసు, చదువుతున్నప్పుడు, శివరాత్రి దాటిన వారంలో ఒకనాటి మధ్యాహ్నం మా నాయన హాస్టలు గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. భుజాన కంబళి, చేతిలో చిన్న గుడ్డమూట. మామూలుగా ఆ దినాల్లో ఆయన రాకూడదు. ఆదోనిలో ఒక పత్తి మిల్లులో గేటు కాపలా ఆయన పని. పత్తి వచ్చే కాలమంతా, అంటే క్రిస్మసు ముందు నుంచి ఎండలు ముదిరేదాకా, మిల్లు పక్కనున్న గుడిసెల్లోనే ఉండేవాడు. మిగతా నెలలు నందవరం దగ్గరి మా పల్లెలో కూలికి పోయేవాడు. మా అమ్మకు ఏడాది పొడుగునా కూలే.

నాకేమో భయం వేసింది. అమ్మకు ఏమన్నా అయిందేమోనని పరుగెత్తుకుంటూ పోయాను. ఆయన నింపాదిగా పంచె మడత విప్పి రెండు కాగితాలు తీశాడు.

“పాపా, ఇది సదివి సెప్పు. మిల్లు గుమాస్తా ఇచ్చినాడు. ఎవురితోనన్నా సదివించుకొని, ఒకదాని మీద యేలిముద్ర ఏసి తెచ్చియ్యి అన్నాడు. ఎవురో ఎందుకప్పా, నా బిడ్డే ఇంగిలీసు సదువుతాది, దానితోనే సదివిస్తానని సెప్పి బస్సెక్కినాను.”

ఆ మాట చెబుతున్నప్పుడు ఆయన ముఖం వెలిగింది. తర్వాత జరిగినవన్నీ ఒక ఎత్తు, ఆ ముఖం ఒక ఎత్తు. ఇప్పటికీ ఆ కాగితాల సంగతి తలుచుకుంటే ముందుగా అదే గుర్తొస్తుంది.

రెండు కాగితాల్లోనూ ఒకే విషయం టైపు కొట్టి ఉంది. రెండోది నీలం కార్బను ప్రతి. మొత్తం ఆరు వరుసలు. మా నాయన పేరు మొదటి వరుసలో ఉంది, అది చదివి వినిపించాను. ఆయన తల ఊపాడు. ఆ తర్వాత వచ్చిన మాటల్లో సగం నాకు తెలియవు. ‘అబాండన్డ్’ అనే మాట నేను అంతకు ముందు ఎక్కడా చూడలేదు. దాని పక్కన ‘పోస్ట్’ అని ఉంది. పోస్ట్ అంటే ఉత్తరాలు కదా, ఉత్తరాల సంగతి ఇక్కడ ఎందుకు వచ్చిందో అర్థం కాలేదు. చివరి వరుసలో మాత్రం నాకు బాగా తెలిసిన మాట ఒకటి కనిపించింది. డిస్మిస్డ్.

మా బడిలో సాయంత్రం గంట కొట్టగానే ఇంగ్లీషు టీచరమ్మ పుస్తకం మూసి “క్లాస్ డిస్మిస్” అనేది. ఆ మాట కోసమే మేము ఆ చివరి గంట అంతా బల్లల మీద కదలకుండా కూర్చునేవాళ్ళం. అది చెవిన పడితే పుస్తకాలు, సంచులు, అరుపులు, బయటి ఎండ. నాకు తెలిసినంతలో ఇంగ్లీషులో అంతకంటే మంచి మాట లేదు.

“పని అయిపోయింది, ఇంటికి పోవచ్చు అని రాసినారు నాయనా” అన్నాను.

“అంతేనా?”

“అంతే.”

“మంట సంగతి ఏమన్నా రాసినారా?”

“ఏం మంట?”

“పోయిన వారం మిల్లులో పత్తి కాలిపోయింది. నీకు తెలీదులే.”

మళ్ళీ చూశాను. రెండో వరుసలో ‘ఫైర్’ అని ఉంది. దాని ముందూ వెనకా ఏముందో తెలియదు. తెలియదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. బస్సు చార్జీ పెట్టుకొని, గుమాస్తాకు గొప్పగా చెప్పి మరీ వచ్చిన మనిషి ముందు ఆ మాట ఎట్లా అనగలను?

“ఉంది నాయనా. మంట వచ్చినందువల్ల మిల్లు తొందరగా ఆపేసినారంట.”

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. “నేను ఇంకేమో అనుకున్నా” అన్నాడు. నేను లోపలికి పోయి నా సిరాబుడ్డి తెచ్చాను. గుడ్డ పీలికను సిరాలో ముంచి ఆయన బొటనవేలికి నేనే పూశాను. ఆయన కార్బను ప్రతి మీద ముద్ర వేసి, వేలికి మిగిలిన సిరాను తల వెంట్రుకలకు తుడుచుకున్నాడు. అదే దినం ఆదోనికి తిరిగిపోయి ఆ కాగితం మిల్లులో ఇచ్చేసి, పల్లెకు వెళ్ళిపోయాడు.

పది దినాలు గడిచాయి. పరీక్షలు దగ్గర పడుతున్నాయి. ఒక ఆదివారం ప్రార్థన అయిపోయి మేము అన్నాలకు కూర్చోబోతుండగా మళ్ళీ వచ్చాడు. ఈసారి ముఖంలో ఏ వెలుగూ లేదు.

ఆయన ఆదోనిలోనే రైలు కట్టకు అవతలి వైపున్న ఇంకో మిల్లుకు పని అడగడానికి పోయాడట. అక్కడ పత్తి ఇంకా దిగుతూనే ఉంది, కాపలాకు మనిషి కావాలని విన్నాడు. అక్కడి గుమాస్తా మర్యాదగానే మాట్లాడి, పాత మిల్లు కాగితం ఏదైనా ఉందా అని అడిగాడు. నాయన తీసి ఇచ్చాడు. గుమాస్తా చదివి, ఎట్లా మడత పెట్టి ఉందో అట్లే మడత పెట్టి తిరిగి ఇచ్చాడు.

“ఈ కాగితం ఉన్నోన్ని ఎవురూ గేటు కాడ నిలబెట్టుకోరప్పా” అన్నాడట.

“ఏముంది దాంట్లో?” అని నాయన అడిగితే, “సదివించుకోలేదా నువ్వు?” అన్నాడట.

ఇదంతా చెప్పి నాయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. కాగితం నా చేతికిచ్చి, “ఇంకొకసారి సదువమ్మా. నిదానంగా సదువు. తొందరేం లేదు” అన్నాడు.

తిడితే బాగుండేది. నాకు అక్షరాలు కనిపించలేదు. ఆయన చెయ్యి పట్టుకొని టీచరమ్మ గదికి తీసుకుపోయాను.

ఆమెది బళ్ళారి. ఇంటి మాట కన్నడం, మాతో తెలుగు, పుస్తకంతో ఇంగ్లీషు. సన్నటి మనిషి, తెల్ల నూలు చీర, ఒకవైపు కాడ విరిగితే దారంతో కట్టుకున్న కళ్ళద్దాలు. పెళ్ళి చేసుకోలేదు. హాస్టలు చివర గదిలో ఒక్కతే ఉండేది. ఆమె ఇంగ్లీషు మాటలను ఎప్పుడూ రెండు రెండుగా చెప్పేది. “హియర్ అంటే మాట చెవిన పడడం. లిజన్ అంటే మాటకు మనం చెవి ఒగ్గడం. సీ అంటే కంటబడడం. లుక్ అంటే కన్ను పెట్టి చూడడం. రెండింటికీ మీరు వినడం, చూడడం అని రాసుకుంటారు. అది సగం చదువు” అనేది. పిల్లలు తెలియకుండా ఊహించి జవాబు చెబితే మాత్రం ఆమెకు ఎక్కడలేని కోపం వచ్చేది. తెలియదని నిలబడినవాళ్ళను ఏనాడూ కొట్టలేదు.

ఆమె కాగితం రెండుసార్లు చదివింది. నాయనను కుర్చీలో కూర్చోమంది. ఆయన కూర్చోలేదు, గడప దగ్గర కింద కూర్చున్నాడు. ఆమె కూడా కుర్చీ వదిలి చాప మీదికి దిగింది.

“నువ్వు ఏమని చదివి చెప్పినావు?” అని నన్ను అడిగింది.

చెప్పాను. ఒక్కొక్క మాటా చెప్పాను. క్లాసు వదలడం సంగతి కూడా చెప్పాను. ఆమె కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను. ఆమె నాతో కాక నాయనతో మాట్లాడింది.

“పిల్లలను డిస్మిస్ చేస్తే ఇంటికి పంపించడమప్పా. ఆ మేరకు నీ బిడ్డ చెప్పింది తప్పు కాదు. కానీ పనివాణ్ణి డిస్మిస్ చేయడం అంటే, తప్పు చేసినావు పో అని పంపించడం. తప్పేమీ లేకుండా, ఇక పని లేదని పంపిస్తే దానికి వేరే మాట ఉంది. డిశ్చార్జ్ అంటారు.”

“డిశ్చార్జి నాకు తెలుసమ్మా” అన్నాడు నాయన వెంటనే. “మా తమ్మునికి జరమొచ్చి ఆదోని ఆస్పత్రిలో పండుకొంటే, నయమైనాక డిశ్చార్జి అని పంపించినారు. అదేనా?”

“అదే మాట.”

“రెండిట్లోనూ పని పోయేది పోయేదే కదమ్మా?”

“పోయేదే.”

“అయితే ఒకదాంట్లో పని పోతాది. ఇంకోదాంట్లో పని పోయి, మనిషీ సెడ్డోడైపోతాడు” అన్నాడు.

టీచరమ్మ నా వైపు చూసింది. అట్లాంటి జవాబు కోసం ఆమె మా క్లాసులో ఎన్ని దినాలు ఎదురుచూసేదో నాకు తెలుసు.

“ఇంకేమని ఉందమ్మా దాంట్లో?” అని నాయన అడిగాడు.

“మంట పుట్టినప్పుడు నువ్వు నిలబడాల్సిన చోటును వదిలేసి పోయినావు అని ఉంది. పోస్ట్ అంటే ఇక్కడ ఉత్తరం కాదు, కాపలావాడు నిలబడే తావు.”

“వదిలి పోయిన మాట నిజమే కదా. గేటు కాడ నేను లేను.”

“వదలడంలోనూ రెండు మాటలున్నాయప్పా. ఇల్లు వదిలి సంతకు పోయి మళ్ళీ వస్తే లీవ్ అంటారు. ఇల్లూ పిల్లలూ ఏమైపోతే నాకేం అని పోతే అబాండన్. వీళ్ళు రాసింది రెండోది. ఆ దినం అసలు ఏం జరిగింది?”

అప్పుడు చెప్పాడు. నేను కూడా మొదటిసారి విన్నాను.

మిల్లులో పత్తి నుంచి గింజలు వేరు చేసే మరలుండే సాల ఒకటి ఉంది. అక్కడంతా ఆడవాళ్ళే పనిచేసేవాళ్ళు. మధ్యలో చీరల్లో పత్తి దాచుకొని బయటికి పోతారని, పని జరిగినంతసేపూ ఆ సాల తలుపుకు బయటినుంచి తాళం వేసి ఉంచేవాళ్ళు. తాళంచెవి గేటు కాపలావాడి మొలకు ఉండేది. ఆ దినం అన్నాల వేళ దాటినాక, సాలను ఆనుకొని పోసిన పత్తి కుప్పకు నిప్పంటుకుంది. మరల మోతలో లోపలివాళ్ళకు తెలియలేదు. నాయన పొగ చూసి గేటు వదిలి పరుగెత్తాడు. తలుపు తీసి వాళ్ళను బయటికి పంపాడు. ఈ లోపల తెరిచి ఉన్న గేటులోంచి వీధిజనం లోపలికి వచ్చారు. కొందరు నీళ్ళు పోశారు. కొందరు పత్తి మూటలు ఎత్తుకుపోయారు.

“అంతే సంగతి. తలుపు తీసినాను. తీయకుండా గేటు కాడ నిలబడుంటే మంచోణ్ణి అయ్యుందునేమో” అన్నాడు నాయన. ఆ గొంతులో కోపం లేదు, నిజంగానే ఆలోచిస్తున్నట్టు అన్నాడు.

“ముద్ర వేసి ఇచ్చేసినావా?”

“ఇచ్చినానమ్మా.”

“నా సిరాతోనే” అన్నాను. నాకు అప్పుడు ఏడుపు వచ్చింది. నాయన నా తల మీద చెయ్యి వేసి, “తెలిసి సేసినావా పాపా? తెలీక సేసినావు” అన్నాడు. కానీ నా తప్పు ఆ పదం తెలియకపోవడంలో లేదని నాకు ఆ క్షణానే తెలుసు. తెలియదని చెప్పకపోవడంలో ఉంది. ఆ రెండూ కూడా వేరువేరే. వాటి తేడా టీచరమ్మ చెప్పాల్సిన పని లేకపోయింది.

ఆయన లేచి కంబళి దులుపుకున్నాడు. “అమ్మా, పని పోతే పోనీ. ఆ పని మళ్లీ ఇయ్యమని నేను అడగను. ఆ మాట మాత్రం నాకొద్దు. అది తీసేసి ఇంకో మాట రాయమని అడగడానికి దోవ ఉంటే సెప్పండి” అన్నాడు.

దోవ ఉంది. మిల్లు పనివాళ్ళ తగవులు చూసే లేబరు ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవచ్చని టీచరమ్మకు తెలుసు. కానీ ఆ ఆఫీసరు ఏ ఊళ్ళో ఉంటాడన్నదే చిక్కయింది. ఆదోని తాలూకా అంతకు ముందే బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసింది. కొత్త రాష్ట్రానికి కర్నూలు రాజధాని అయి ఇంకా ఏడాది కాలేదు. కాగితాలు సగం బళ్ళారిలో, సగం కర్నూలులో ఉన్నాయనేవాళ్ళు. చివరికి కర్నూలుకే పంపుదామని ఆమె నిర్ణయించింది.

“మీరే రాయండి టీచరమ్మా” అన్నాను.

“నేను రాయను. తప్పు చదివింది నువ్వు. ఒప్పు రాయాల్సింది కూడా నువ్వే” అంది.

రోజూ పొద్దున బడికి ముందు ఆమె గదిలో కూర్చొని రాసేదాన్ని. మొదటి ప్రతిలో “ఐ హంబ్లీ బెగ్” అని మొదలుపెట్టాను. అర్జీలన్నీ అట్లాగే మొదలవుతాయని ఎవరో చెప్పగా విన్నాను. ఆమె ఊదారంగు పెన్సిలుతో ‘బెగ్’ కొట్టేసింది. “మీ నాయన అడుక్కున్నాడా? అడిగినాడు. రిక్వెస్ట్ అని రాయి” అంది. ఇంకోసారి ‘డిమాండ్’ అని రాస్తే దాన్నీ కొట్టేసింది. “ఇది గట్టిగా నిలదీయడం. ముద్ర వేసిన కాగితం వాళ్ళ దగ్గర ఉంది, మరిచిపోవద్దు” అంది.

ఆదివారం నాయన మళ్ళీ వచ్చినప్పుడు మూడో ప్రతి ఆయనకు తెలుగులో చెప్పి వినిపించాను. అందులో ఆయన ఆడవాళ్ళ ప్రాణాలు కాపాడాడని రాశాను. రాసేటప్పుడు నాకు చాలా గర్వంగా ఉండింది.

“అది తీసెయ్ పాపా” అన్నాడు.

“ఎందుకు? నిజమే కదా.”

“కాపాడినానని నేనెట్ల అనేది? తలుపు తీసినాను. అది రాయి సాలు. తలుపు తీసినాడని ఎవురైనా ఒప్పుకుంటారు. కాపాడినాడంటే కాదని సెప్పడానికి మనుషులొస్తారు.”

ఆ సంగతి టీచరమ్మతో చెప్పాను. ఆమె ‘సేవ్డ్’ కొట్టేసి ‘ఓపెన్డ్’ అని తనే రాసింది. ఆ చిత్తు ప్రతులన్నిటిలో ఆమె చేతి రాత ఆ ఒక్క మాటే. శుభ్రంగా ఇంకో ప్రతి రాసి పోస్టు చేశాం. తర్వాత నా పరీక్షలు వచ్చాయి, అయిపోయాయి. హాస్టలు మూసేశారు. నేను పల్లెకు పోయి అమ్మతో పాటు వేరుశనగ కాయలు వలిచే కూలికి పోయాను. జవాబు వస్తుందన్న ఆశ నాకు లేదు. నాయనకు ఉంది.

ఎండలు ముదిరినాక వచ్చింది. ఫలానా దినం ఆఫీసరు ఆదోని ట్రావెలర్స్ బంగళాలో ఉంటాడు, అర్జీదారు హాజరు కావాలి అని. ఆ తెల్లారి మేము ఎమ్మిగనూరు దాకా నడిచి బస్సెక్కాం. టీచరమ్మ సెలవులకు బళ్ళారి పోలేదు, మాతో పాటు వచ్చింది. కానీ బంగళా వరండాలోనే ఆగిపోయి, “లోపలికి మీరిద్దరే పోండి. అడిగినదానికి జవాబు చెప్పు. తెలీనిదానికి తెలీదను” అంది.

ఆఫీసరు కోస్తా జిల్లాల మనిషి. కొత్త రాష్ట్రం వచ్చినాక మా వైపు వచ్చినవాడు. ఆయన తెలుగు మాకు పుస్తకంలో తెలుగులా ఉండేది. బల్లకు ఒకవైపు మిల్లు గుమాస్తా కూర్చున్నాడు. మేము రెండో వైపు నిలబడ్డాం.

“ఈ అర్జీ ఎవరు రాశారు?”

“నేనే రాసినాను సార్.”

“పని తిరిగి ఇప్పించమని అడగలేదేమిటి?”

నేను నోరు విప్పేలోపు నాయన అన్నాడు. “పని అడగలేదు సామీ. మాట అడిగినాను.”

ఆఫీసరు నా వైపు తిరిగాడు. “డిస్మిస్ అయితేనేం, డిశ్చార్జ్ అయితేనేం? ఎలాగైనా ఇంటికి పోవలసిందే కదా. తేడా ఏమిటో చెప్పు.”

టీచరమ్మ చెప్పిన వాక్యాలన్నీ ఎటో పోయాయి. “డిశ్చార్జ్ అయిన మనిషి ఇంకొక గేటు దగ్గరికి పోయి పని అడగొచ్చు సార్. డిస్మిస్ అయిన మనిషి అడిగినా, కాగితం చూసి వెనక్కి పంపిస్తారు. మా నాయనను పంపించినారు” అన్నాను.

గుమాస్తా కార్బను ప్రతిని బల్ల మీద ముందుకు జరిపాడు. “చదివి వినిపించినాకే ముద్ర వేసినాడు సార్. అప్పుడు లేని బాధ ఇప్పుడెందుకు?”

“చదివి వినిపించింది ఎవరు?”

“నేనే సార్.”

“అర్థం చేసుకునే చెప్పావా?”

ఆ గదిలో అంతమంది ముందు చెప్పడం కష్టమయింది. కానీ ఇంకోసారి తప్పించుకుంటే నాయన ముఖం చూడలేనని అనిపించింది. “లేదు సార్. తెలీకుండానే చెప్పినాను. బడి వదిలినప్పుడు క్లాస్ డిస్మిస్ అంటారు కదా, అట్లాంటిదే అనుకున్నాను” అన్నాను.

గుమాస్తా ఫక్కున నవ్వాడు. ఆఫీసరు నవ్వలేదు. ఏదో రాసుకున్నాడు.

అప్పుడే ఒక ముసలామె తలుపు దగ్గరికి వచ్చి నిలబడింది. మరల సాలలో పనిచేసేవాళ్ళందరిలో పెద్దది. కౌతాళం వైపు మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడుతుంది. మేము ఆమెను పిలవలేదు. మిల్లువాళ్ళు ఎవరినీ రావద్దన్నారని తర్వాత తెలిసింది. గుమాస్తా ఆమెను చూసి ముఖం ముడుచుకున్నాడు.

“గేటు వదిలి పోయినందుకే జనం లోపల పడి పత్తి ఎత్తుకుపోయినారు సార్” అని ఆయన ఆఫీసరుతో అన్నాడు.

“గేటు కాడే నిలబడుంటే మా తలుపు ఎవురు తీస్తుండిరప్పా?” అని ముసలామె గడప దాటకుండానే అడిగింది. “బీగం సెవి ఈ అన్న నడుముకే కదా ఉండేది. నీ నడుముకు ఉందా?”

“బీగం ఏమిటి?” అన్నాడు ఆఫీసరు.

“తాళం స్వామీ. మేము లోపల, తాళం బయట.”

ఆఫీసరు కలం కింద పెట్టాడు. “లోపల మనుషులుండగా బయట తాళం వేశారా?” అని గుమాస్తాను అడిగాడు. గుమాస్తా పత్తి దొంగతనాల గురించి ఏదో మొదలుపెట్టి మధ్యలో ఆపేశాడు. కొంతసేపటికి మమ్మల్ని బయట కూర్చోమన్నారు. లోపల వాళ్ళిద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ముసలామె వరండాలో టీచరమ్మ పక్కన కూర్చొని, ఇద్దరూ కన్నడంలో ఊళ్ళ గురించీ చుట్టాల గురించీ మాట్లాడుకున్నారు. టీచరమ్మ అంత కలుపుగోలుగా మాట్లాడడం నేను చూడడం అదే మొదలు.

నెల దాటినాక కొత్త కాగితం వచ్చింది. ఈసారి ఒక్కొక్క మాటా చదివాను. తెలియనివి రెండున్నాయి. “ఈ రెండూ తెలీవు నాయనా” అని చెప్పి, టీచరమ్మ దగ్గరికి పోయి అడిగి వచ్చాకే అర్థం చెప్పాను. పత్తి కాలం ముగిసినందువల్ల పని నుంచి డిశ్చార్జ్ చేయడమైనది, నడవడి తృప్తికరం. ఇంతే ఉంది.

“తలుపు సంగతి రాసినారా?” అన్నాడు నాయన.

“లేదు నాయనా.”

“తాళం సంగతి?”

“లేదు.”

“మంట?”

“మంట మాట కూడా లేదు.”

ఆయన కాగితాన్ని చేతిలోకి తీసుకొని, చదవగలిగినవాడిలా చాలాసేపు చూశాడు. “అంటే ఆ దినం ఆడ ఏమీ జరగనే లేదన్నమాట” అన్నాడు.

గెలిచామని సంతోషంగా ఉన్న నాకు ఆ మాట అప్పుడు నచ్చలేదు. తర్వాతి సంవత్సరాల్లో దాన్ని ఎన్నిసార్లు తలుచుకున్నానో చెప్పలేను. మేము ఒక మాట వద్దని అడిగాం, వాళ్ళు దానితో పాటు మిగతావన్నీ తీసేశారు. చెడ్డవాడు కాదని ఒప్పుకున్నారు గానీ, ఏం చేశాడో చెప్పలేదు. ఈ సంగతి టీచరమ్మతో అంటే ఆమె ఓదార్చలేదు. “నువ్వు ఇంకా మంచి ఇంగ్లీషు నేర్చుకుంటే అది కూడా అడుగుదువు. ఈ ఏడాదికి ఇంత వచ్చింది” అంది.

మరుసటి క్రిస్మసుకు ముందు నాయన రైలు కట్ట అవతలి మిల్లుకు కొత్త కాగితం తీసుకొని పోయాడు. అదే గుమాస్తా చదివి పనిలో పెట్టుకున్నాడు. కళ్ళు మసకబారేదాకా ఆ గేటు దగ్గరే పనిచేశాడు. నాకు ఇంగ్లీషులో బొటాబొటి మార్కులు వచ్చినా పరీక్ష పాసయ్యాను. టీచరు ట్రైనింగులో చేరాను.

ట్రైనింగు రెండో ఏట సెలవులకు వస్తూ ఆదోనిలో ఎమ్మిగనూరు బస్సెక్కాను. పక్కన ఒకామె చంకన పిల్లతో కూర్చుంది. నా వైపు కాసేపు తేరిపార చూసింది.

“నువ్వు ఆ గేటు కాడి అన్న బిడ్డవు కదా? అదే ముఖం. బంగళాకు వచ్చినావంట కదా, అర్జీ రాసిన పిల్లవు” అంది. ఆమె కూడా ఆ సాలలో పనిచేసిందట.

అవునన్నాను. బస్సు కదిలినాక ఆమె తనంతట తానే చెప్పసాగింది. “పొగ ఎట్లుండె అనుకున్నావు! పక్కనున్న మనిషి కనపడలేదు. తలుపు తీసి మీ నాయన ఒక్కొక్కరినీ పేరు పెట్టి పిలిసినాడు. పిలిసినామె ఓ అని పలికి గొంతు దిక్కుకు నడిసి రావల్ల. అట్ల అందరం బయటికి వచ్చినాము. ఒకామె మాత్రం పలకలేదు. రెండుసార్లు పిలిసి, మళ్లీ లోపలికి పోయి ఎత్తుకొచ్చినాడు. ఆమె మా వదిన.”

అర్జీ రాసేటప్పుడు అన్నిసార్లు కూర్చున్నాం, అన్ని ప్రశ్నలు అడిగాం, ఆయన ఈ సంగతి చెప్పలేదు. చెప్పి ఉంటే టీచరమ్మ దానికి సరైన మాట వెతికి ఉండేది.

ఇంటికి పోయేటప్పటికి నాయన కంబళి పరుచుకొని వాకిట్లో కూర్చున్నాడు. సంచి కూడా దించకుండా అడిగాను.

“ఎందుకు సెప్పలేదు నాయనా?”

“ఏం సెప్పేది? తలుపు తీసినానని సెప్పినా కదా.”

“అంతమంది పేర్లు నీకెట్ల తెలుసు?”

ఆయన నన్ను విచిత్రంగా చూశాడు. “దినామూ గేటు తీసేది నేనే కదా పాపా. వచ్చినోళ్లను పేరు పెట్టి పలకరించకుంటే ఎట్ల?” అని, కాళ్ళు కడుక్కొని రా అన్నం తిందువు అంటూ అమ్మను కేకేశాడు.